నలభై మూడు గోత్రాలు, ఒక సంతకం

మా ఆవిడ చెల్లెలి కూతురి పెళ్ళిలో అడ్డుతెర ఒక చివర పట్టుకోవలసింది నేను. పెళ్ళి విజయనగరంలో. ముహూర్తం ఉదయం పది గంటల పద్దెనిమిది నిమిషాలకి. ఎనిమిదీ నలభై అయిదుకి నేను కల్యాణ మండపం నుంచి బయలుదేరాను. నడిచి వెళ్ళడానికి ఇరవై అయిదు నిమిషాలు, వెతకడానికి ఇరవై, తిరిగి రావడానికి ఇరవై అయిదు. ఇంకా ఇరవై మూడు నిమిషాలు చేతిలో ఉంటాయి. లెక్కలో తప్పు లేదు. వెతకడానికి మాత్రం ఇరవై కాదు, డెబ్భై పట్టింది.

నేను వచ్చేసరికి జీలకర్రా బెల్లం అయిపోయింది, తెర మడతపెట్టేశారు. నా చివర పట్టుకున్నది వంటవాళ్ళలో ఒకాయన. పెళ్ళి ఫోటోల్లో ఇప్పటికీ ఆయనే ఉన్నాడు, భుజం మీద తడి తువ్వాలుతో, చాలా శ్రద్ధగా.

ఆ ఉదయం నేను వెతికినది ఒక పాత గోడ కన్నంలో దాచిన చిన్న ప్లాస్టిక్ గొట్టం. చిటికెన వేలంత ఉంటుంది. లోపల చుట్టచుట్టిన కాగితం. దాని మీద నా పేరు, తేదీ రాసి, మళ్ళీ చుట్టి, మూత బిగించి, అదే కన్నంలో పెట్టేసి వచ్చాను. ఈ ఆట పేరు జియోకాషింగ్. ఎవరో ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశం, రేఖాంశం ఫోనులో అందరికీ కనబడేలా పెడతారు. మిగతావాళ్ళు ఆ అంకెలు పట్టుకుని వెళ్ళి వెతికి, డబ్బాలో ఉన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాని ఎక్కడిదక్కడ పెట్టేస్తారు. తర్వాత ఫోనులో మన పేరు పక్కన ఉండే సంఖ్య ఒకటి పెరుగుతుంది. అంతకు మించి ఏమీ రాదు. చాలామంది నన్ను ఈ ముక్క రెండోసారి చెప్పమంటారు, మొదటిసారి సరిగ్గా వినలేదేమోనని.

నేను జంషెడ్‌పూర్‌లో ఒక సివిల్ కాంట్రాక్టరు దగ్గర కొలతలు తీసే పని చేస్తాను. ఇంటరు తర్వాత కాలేజీకి వెళ్ళలేదు. టేపుకి రెండో చివర పట్టుకునే మనిషిగా చేరాను. పట్టుకుని ఊరికే నిలబడడం ఎందుకని మొదటి చివర ఉన్నాయన ఏం రాసుకుంటున్నాడో చూస్తూ లెక్క నేర్చుకున్నాను. త్రికోణమితి ఒక అట్టలేని పుస్తకంలోంచి వచ్చింది. అట్టతోపాటు మొదటి పదకొండు పేజీలు కూడా లేవు గనక పన్నెండో పేజీ నుంచి నేర్చుకున్నాను.

ఆరేళ్ళ కిందట సర్వే పని మీద వచ్చిన ఒక ఇంజనీరు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోను చూపించి, ఇక్కడికి నాలుగువందల మీటర్లలో ఒక డబ్బా దాచి ఉంది, తెలుసా అన్నాడు. ఆ స్థలం పక్కనుంచి నేను పద్దెనిమిదేళ్ళుగా రోజుకి రెండుసార్లు వెళ్తున్నాను. తెలియదన్నాను. సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. పార్కు ఇనుప కమ్మీ వెనక, బోల్టు అనుకునేలా అంటించిన అయస్కాంతపు డబ్బీ. నలభై ఏడు నిమిషాలు పట్టింది. ఇంజనీరు చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంటికొచ్చి, ఇక్కడి అక్షాంశంలో డిగ్రీకి అరవయ్యో భాగమైన ఒక నిమిషానికి వెయ్యోవంతు నేల మీద ఎంత పొడవో లెక్క కట్టాను. నూట ఎనభై అయిదు సెంటీమీటర్లు. రేఖాంశంలో అయితే నూట డెబ్భై ఒకటి. అంటే ఎవరో ఎప్పుడో రాసిన ఒక అంకె మనల్ని ఒక మనిషి పొడవంత దగ్గరికి తీసుకెళ్ళి వదిలేస్తుంది. ఆ మిగిలిన పొడవు మనం వెతుక్కోవాలి.

ఎందుకు అలవాటైపోయిందని అడిగితే నా దగ్గర ఉన్న సమాధానం ఇది. నేను కొలిచిన గోడని ఇంకొకాయన వచ్చి మళ్ళీ కొలుస్తాడు. రెండు అంగుళాలు తగ్గిస్తాడు. ఇద్దరం కూర్చుని వాదించుకుని ఒక అంగుళం దగ్గర ఆగుతాం. గోడ అక్కడే ఉంటుంది, దానికి మా ఇద్దరి సంగతీ పట్టదు. డబ్బా దగ్గర అలా కాదు. అంకె చెప్పిన చోట ఉంటే ఉంది, లేకపోతే లేదు. మధ్యలో ఆగడానికి అంగుళాలు లేవు.

మా ఊళ్ళో అప్పటికి ఉన్నవి అయిదు. నాలుగు ఆదివారాల్లో అయిపోయాయి. తర్వాత ఘాట్‌శిలా, తర్వాత రాంచీ, ఖరగ్‌పూర్. ఎవరింట్లో శుభకార్యమన్నా ముందు ఆ ఊరి అంకెలు చూసేవాణ్ణి. బర్మామైన్స్ పేటలో మా ఇంటి గోడ రెండేళ్ళుగా చెమ్మ ఊరుతోంది. గోడలు కొలవడమే నా వృత్తి. ఆ గోడ ఎంత మేరకు ఊరిందో నాకు సెంటీమీటర్లతో తెలుసు. బాగుచేసే ఆదివారం మాత్రం రాలేదు.

పెళ్ళి నుంచి తిరిగొచ్చాక మా ఆవిడ పది రోజులు ఏమీ అనలేదు. పదకొండో రోజున నేనే మాట కదిపాను. వెతకడానికి మన ఊళ్ళో ఇంకేం మిగల్లేదు కాబట్టి ఇకమీదట నేనే ఒకటి దాస్తాను, దూరాలు తిరగడం తగ్గుతుంది అన్నాను. ఆవిడ కూర తరుగుతూ వింది.

"దాత్తే? ఎవులొచ్చి ఎతుకుతారు?"

"ఎవులో ఒకలు వత్తారు."

"ఈ ఊరికా? డబ్బా ఎతుక్కోడానికా?"

"వత్తారు."

"సరే అయితే. ఒక్కరు. మీరు కాక ఒక్క మనిషి ఎతుక్కుంటూ వచ్చి, ఆ పుస్తకంలో పేరు రాసి ఎల్లాలి. రాసేరా, నెలకి రెండాదివారాలు మీయి, ఎక్కడికెల్తన్నారని అడగను. కార్తీకం ఎల్లిపోయేలోగా ఒక్కరూ రానేదనుకోండి, ఆ ఫోనులోంచి ఆట తీసెయ్యాలి, గోడ కాడ కూకోవాలి."

"ఫోటో పంపిత్తే?"

"ఫోటో సెల్లదు. పుస్తకం సూడాలి నాను."

ఒప్పుకున్నాను. మార్చి రెండో ఆదివారం ఊరవతల డిమ్నా చెరువు వైపు వెళ్ళాను. రోడ్డుకి నలభై మీటర్ల లోపల, అటూ ఇటూ ఖాళీ ఉన్న ఒక చెట్టు చూశాను. ఛాతీ ఎత్తు దగ్గర చుట్టుకొలత తొంభై నాలుగు సెంటీమీటర్లు. చెట్టు మొదలు దగ్గర తూర్పు వైపు, రెండు వేర్ల మధ్య గుంట, పదిహేడు సెంటీమీటర్ల లోతు. ఇంట్లోంచి తెచ్చిన నీలం మూత డబ్బా అందులో సరిగ్గా పట్టింది. డబ్బాలో ఒక పుస్తకం, పెన్సిలు, వచ్చినవాళ్ళు తీసుకుని బదులు ఏదైనా పెట్టడానికి రెండు మూడు వస్తువులు: తాళాల గొలుసు, గాజు, ప్లాస్టిక్ వినాయకుడు. పుస్తకం మొదటి పేజీలో హిందీలో, ఇంగ్లీషులో, చోటు మిగిలింది గనక తెలుగులో రాశాను: ఇది ఒక ఆట, ఈ డబ్బా దొరికినవారు పుస్తకంలో పేరు, తేదీ రాసి మళ్ళీ ఇక్కడే పెట్టవలసిందిగా ప్రార్థన. పైన మూడు రాళ్ళు పేర్చాను. ఇరవై రీడింగులు తీసి సగటు కట్టి అంకెలు ఫోనులో పెట్టాను. అవి ఇక్కడ రాయను. ఆడేవాళ్ళు వెతుక్కోవాలి.

గడువు రెండువందల యాభై ఆరు రోజులు.

ప్రతి నెలా రెండో ఆదివారం వెళ్ళి చూసేవాణ్ణి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడుసార్లు. ఏడుసార్లూ సున్నా. జూలైలో పుస్తకం కొంచెం చెమ్మగిల్లితే పైన పాలిథిన్ సంచీ తొడిగాను. అక్టోబరులో రాళ్ళు సర్దుతుంటే నెత్తి మీద ఏదో కాయ రాలింది. పక్కకి జరిగి సర్దాను. నేను ఆ చెట్టు చుట్టుకొలత, వేళ్ళ మధ్య దూరం, రోడ్డు నుంచి కోణం అన్నీ రాసుకున్నాను. అది ఏం చెట్టో రాసుకోలేదు. అటువంటి గడి నా పట్టికలో లేదు.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళం ఏటా కార్తీకంలో ఒక ఆదివారం వనభోజనాలకి వెళ్తాం. ఎప్పుడూ వెళ్ళే తోట ఈసారి దొరకలేదట. మా తెలుగు సంఘం కార్యదర్శి డిమ్నా వైపు అన్నాడు. నాకు సంతోషమే అయింది. ఆ రోజు ఎలాగూ నవంబరు రెండో ఆదివారం, ఒక ప్రయాణం కలిసొస్తుంది. డిమ్నా అంటే చిన్న చోటు కాదు కాబట్టి వేరే అనుమానం రాలేదు. బస్సు సరిగ్గా నా నలభై మీటర్ల దగ్గర ఆగింది.

వనభోజనాలు ఏ చెట్టు కింద చేస్తారో తెలియని తెలుగువాడు ఉండడు. కాయలతో నిండుగా ఉన్న ఆ ఉసిరిచెట్టుని బస్సు కిటికీలోంచి అందరూ ఒకేసారి చూశారు. నేను కూడా అందరితో పాటే మొదటిసారి చూశాను.

నాకు పులిహోర కలిపే పని ఇచ్చారు. గిన్నెకీ చెట్టుకీ మధ్య పదకొండు అడుగులు. చెట్టు మొదట్లో ముగ్గు వెయ్యడానికి ఒకావిడ రాళ్ళు తీసింది. మొదటిది, రెండోది, మూడోది. డబ్బా బయటికి తీసి మూత తెరిచింది.

"ఏటిది, వినాయకుడున్నాడండీ ఇందులో."

అదే సమయానికి, పూజ చేయించడానికి మాతో వచ్చిన పంతులుగారు సంచీ అంతా వెతికి, పేర్లూ గోత్రాలూ రాసుకునే తన పుస్తకం ఇంట్లో ఫ్రిజ్ మీద మర్చిపోయానని చెప్పారు. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, కాగితం ఎవరి దగ్గరా లేదు. కార్యదర్శి డబ్బాలోంచి పుస్తకం తీశాడు.

"పంతులుగారూ, మనోళ్ళెవరో ముందే ఏర్పాటు చేసేసినట్టున్నారు. తెలుగులోనే ఉంది, సూడండి. పేరు, తేదీ రాయవలసిందిగా ప్రార్థనట. పెన్సిలు కూడా పెట్టేరు."

"అదృష్టం. రాయండి మరి," అన్నారు పంతులుగారు.

ఆటలో దాచినవాడు నోరు విప్పకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు. పైగా పుస్తకంలో పేర్లు పడబోతున్నాయి. ఒక్కటి చాలని ఎనిమిది నెలలు ఎదురుచూసినవాణ్ణి. గరిటె పట్టుకుని నిలబడిపోయాను. పక్కన రెండో విడతకి చింతపండు పిసుకుతున్నాయన, మాకు వరసకి బావ అవుతాడు, నావైపు చూశాడు.

"ఏటి బావా, మెతుకులు లెక్కెడతన్నావేటి? కలుపు, సల్లారిపోతాది."

వరసలో ఒక్కొక్కరూ వచ్చి గోత్రం, ఇంట్లోవాళ్ళ పేర్లు, నక్షత్రాలు చెప్తున్నారు. కార్యదర్శి రాస్తున్నాడు. గోత్రం తెలియనివాళ్ళు పదకొండు కుటుంబాలు తేలారు. వాళ్ళందరికీ పంతులుగారు కాశ్యప గోత్రం వెయ్యమన్నారు, అది రివాజు. మా ఆవిడ ఇరవై తొమ్మిదోది. చెప్పేటప్పుడు ఆవిడ పుస్తకం వైపు చూడలేదు. పక్కన పెట్టిన నీలం మూత వైపు చూస్తూ మా గోత్రం, నా పేరు, తన పేరు చెప్పింది. తర్వాత ఒకసారి నావైపు చూసి, వెళ్ళి విస్తళ్ళ దగ్గర కూర్చుంది.

మొత్తం నలభై మూడు. భోజనాలయ్యాక, హారతి కర్పూరం మసి అంటిన డబ్బాని ఆ ముగ్గేసినావిడే జాగ్రత్తగా మళ్ళీ గుంటలో పెట్టి రాళ్ళు పేర్చింది. దేవుడి సామాను అనుకుందేమో. పుస్తకం మాత్రం పంతులుగారి సంచీలోకి వెళ్ళింది. నేను బస్సు దాకా ఆయన వెనకే నడిచాను.

"పంతులుగారూ, ఆ పుస్తకం..."

"ఉంది బాబూ, నా దగ్గరే ఉంది. కార్తీకం వెళ్ళేదాకా రోజూ దీపం పెట్టి ఈ పేర్లన్నీ చదువుతాను. ఇల్లు దాటనివ్వను, నీకెందుకు భయం?"

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే మొదలైంది.

"నా నీలం మూత డబ్బా."

"అవును."

"మార్చిలో పోయింది. పక్కింటావిడ పట్టుకెల్లిందేమోనని అడిగేను నాను. రెండు నెలలు మాటాడ్డం మానేసిందావిడ."

"నలభై మూడు," అన్నాను.

"ఏటి నలభై మూడు?"

"పుస్తకంలో పేర్లు. నువ్వు ఒక్కటి సాలన్నావు."

"ఆళ్ళు రాసేరేటి? రాసింది ఒకాయన. మిగతావోళ్ళు గోత్రం సెప్పి పులిహోర తిన్నారు."

"ఆయన ఒకడైనా రాసేడు కదా."

"ఎతుక్కుంటూ వచ్చేడేటి? కాయితం నేక రాసేడు. దొరకడం వేరు, ఎతకడం వేరు. ఆమాట మీరే సెప్తారు పొద్దత్తమానం. ఇంకోటి, మీ పేరూ ఉందందులో. మీరు దాసిన దాంట్లో మీ పేరుంటే సెల్లుతాదా?"

చెల్లదు. ఒక కాగితం మీద వేసుకుని చూశాను. నలభై మూడులో మాది తీసేస్తే నలభై రెండు. అందులో సొంత చేత్తో రాసినది ఒకటి, కార్యదర్శిది. అందులో వెతికి వచ్చినది సున్నా. కాగితం ఆవిడకి చూపించాను. ఆవిడ చూడకుండానే, "సున్నాయే కదా," అంది. ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. డబ్బాలో పుస్తకం లేదని నాకు తెలుసు. కొత్త పుస్తకం సోమవారమే వెళ్ళి పెట్టి ఉండవచ్చు. మా ఇంటి నుంచి డిమ్నా చాలా దూరం, పనిలో స్లాబు కొలతలున్నాయి. ముప్ఫై అయిదు వారాల్లో వచ్చినవాళ్ళు సున్నా. కాబట్టి ముప్ఫై ఆరో వారంలో ఎవరైనా వచ్చే అవకాశం కూడా సున్నాగా తీసుకుని, వచ్చే ఆదివారం పెడదామనుకున్నాను. అనుభవం మీద కట్టిన లెక్క.

బుధవారం ఉదయం పదీ నలభైకి స్లాబు మీద ఉండగా ఫోను మోగింది. ఆటలోంచి సందేశం. ఎవరో ఇంగ్లీషులో రాశారు: డబ్బా దొరికింది. పుస్తకం లేదు. పెన్సిలు, కర్పూరం మసి, ఒక వినాయకుడు ఉన్నాయి. సంతకం చెయ్యలేదు కాబట్టి దొరికినట్టు లెక్కవేసుకోవడం లేదు.

టేపు చుట్టేశాను. పుస్తకం ఉంది, పంతులుగారి దగ్గర ఉంది అని జవాబు రాశాను. నాలుగు నిమిషాల తర్వాత ఒక ప్రశ్నార్థకం వచ్చింది. నా ఫోను నంబరు పంపాను.

ఫోను చేసినది ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి, గొంతు నిదానంగా ఉంది. పుణేలో ఉద్యోగం, ఫ్యాక్టరీల్లో తూకం యంత్రాలు సరిచూసే పని, ఊళ్ళో పని అయిపోయింది, సాయంత్రం నాలుగూ పదికి రైలు. హిందీలో మాట్లాడుకున్నాం.

"డబ్బా ఫోటో తీశాను. చాలామంది ఫోటో ఉంటే ఒప్పుకుంటారు," అంది.

"నేనూ ఒప్పుకుంటాను. మా ఆవిడ ఒప్పుకోదు."

"ఆవిడ కూడా ఆడతారా?"

"ఆడదు. తీర్పు చెప్తుంది."

అడ్రసు పంపమంది. తర్వాత మా ఆవిడకి చేశాను. ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది, పుస్తకంలో రాస్తుంది, కాసిడీహ్‌లో పంతులుగారింటికి రావాలి, పుస్తకం ఇల్లు దాటదు అన్నాను. "అబద్దమైతే సూడండి మరి," అని పెట్టేసింది. నేను సగం రోజు సెలవు పెట్టాను. కొలతల పనిలో చేరాక అనారోగ్యానికీ పెళ్ళిళ్ళకీ కాక పెట్టిన మొదటిది.

ఒంటిగంటా నలభైకి ముగ్గురం పంతులుగారి అరుగు మీద ఉన్నాం. ఆయన భోజనం చేసి పడుకున్నారు, రెండున్నరకి గానీ లేవరని లోపలినుంచి చెప్పారు. అక్కణ్ణుంచి స్టేషనుకి ఆటోలో ఇరవై అయిదు నిమిషాలు, రద్దీ ఉంటే నలభై. నేను వాచీ చూసుకుంటున్నాను. మా ఆవిడ వచ్చినామెని పైనుంచి కిందిదాకా చూసింది. బూట్లకి మట్టి, జుట్టులో ఎండాకు, కుడి చూపుడువేలికి చుట్టిన రుమాలు.

"ఏమైంది వేలికి?" మా ఆవిడ హిందీ బజారు హిందీ, కానీ పదునైనది.

"ముల్లు. పొదలో చెయ్యి పెట్టాను."

"ఎంతసేపు వెతికారు?"

"నిన్న యాభై నిమిషాలు. దొరకలేదు. ఈ పూట గంటా ఇరవై."

"మొత్తం రెండు గంటల పది నిమిషాలు," అన్నాను.

"మిమ్మల్ని అడగనేదు," అని తెలుగులో నాతో అని, మళ్ళీ అటు తిరిగింది. "రెండు రోజులు తిరిగితే ఏం వచ్చింది మీకు?"

"ఏమీ రాదు. పేరు రాస్తాం."

"రాస్తే?"

"రాసినట్టుంటుంది."

మా ఆవిడ తల పంకించింది. ఇలాంటి సమాధానం ఆరేళ్ళుగా వింటున్నదే. తర్వాత అడ్డుతెర సంగతి మొత్తం చెప్పింది, వంటాయన తువ్వాలు రంగుతో సహా. వచ్చినామె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా అన్నయ్య నిశ్చితార్థంలో ఉంగరాల పళ్ళెం నా చేతికిచ్చారు. చర్చి వెనక మూడువందల మీటర్లలో ఒకటుందని తెలిసింది. పళ్ళెంతోనే వెళ్ళాను."

"ఉంగరాలతోనా?"

"పళ్ళెంలోనే ఉన్నాయి కదా."

మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపులో నాకు కొంచెం తగ్గింపు దొరికినట్టనిపించింది. "ఇలాటోళ్ళు ఇంకా ఉన్నారన్నమాట," అంది.

పంతులుగారు రెండూ ముప్ఫై అయిదుకి లేచారు. సంగతి రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పాక పసుపు గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చారు. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.

"అయితే ఇది నీదా బాబూ? ఆట అని మొదట్లో ఉంటే, భగవంతుడి లీల గురించి ఎవరో రాశారనుకున్నాను."

"ఆమె ఒక్క వరస రాస్తే చాలండి."

"రాయొచ్చు. కానీ ఇందులో పడ్డ పేరు నేను రోజూ చదవాలి. గోత్రం చెప్పమను."

అడిగాను. ఆమె చేతులు రెండూ చాపింది. "మాది కొట్టాయం. క్రైస్తవులం. మాకు గోత్రం లేదు."

పంతులుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "గోత్రం లేనివాళ్ళుండరమ్మా, తెలియనివాళ్ళుంటారు. కాశ్యప."

నేను హిందీలో చెప్పాను. "దానికి నేనేమైనా చెయ్యాలా?" అనడిగింది.

"ఏమీ చెయ్యక్కర్లేదు. నేను చదువుతాను."

"చదవనివ్వండి. సంతకం కోసం ఒకసారి నడుం లోతు చెరువులో దిగాను."

పంతులుగారు పెన్సిలు తీసుకుని, ఊఁ, పేరు చెప్పమను అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెద్దాయన, పంతులుగారు. అలా ఎన్నడూ చేసి ఎరగను.

"ఆమే రాయాలండి. సొంత చేత్తో."

"ఇంగ్లీషులో గీకితే నేనెలా చదవను?"

అక్కడ అయిదు నిమిషాలు పోయాయి. చివరికి నలభై నాలుగో వరసలో ఆమె ముందు ఇంగ్లీషులో పేరు, తేదీ రాసి సంతకం చేసింది. ఆ పక్కనే పంతులుగారు తెలుగులో అదే పేరు, కాశ్యప గోత్రం, పేరు మొదటి అక్షరాన్ని బట్టి ఒక నక్షత్రం రాశారు.

మా ఆవిడ పుస్తకం అందుకుంది. సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, నలభై నాలుగో వరస కాకుండా మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరు కిందా వేలు పెట్టి చదివింది. టైము మూడు దాటింది. వచ్చినామె వాచీ ఒకసారి చూసుకుని, వేలి రుమాలు బిగించి కట్టుకుంది. ఈ ఆటలో ఓపిక ముందే ఉండాలి. ఇరవై తొమ్మిది దగ్గర వేలు ఆగి, మళ్ళీ కదిలింది. చివరి వరసకొచ్చి, సంతకాన్ని చూసి, రుమాలు చుట్టిన వేలిని చూసి, పుస్తకం మూసింది.

"ఒకటి," అంది.

"ఒకటి," అన్నాను నేను.

"నెలకి రెండు. మూడోది అడిగేరంటే ఊరుకోను."

పంతులుగారు ఎవరికి ఏం రెండు అని అడిగారు. మా ఆవిడ పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

మా ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. వచ్చినామెని నేను స్టేషను దాకా దిగబెట్టాను. మూడూ నలభై ఎనిమిదికి చేరాం. ఆటో దిగి, బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆమె వెళ్ళబోతూ ఆగింది.

"చెప్పాలా వద్దా అనుకుంటున్నాను. మీ అంకెలు ఆరు మీటర్లు తేడా ఉన్నాయి. నిన్న అందుకే దొరకలేదు. పక్కనున్న పొదంతా వెతికాను, ముల్లు అక్కడే గుచ్చుకుంది."

"ఆరు ఉండదు. ఇరవై రీడింగుల సగటది."

"ఆరు," అంది. యంత్రాలు సరిచూసే మనిషి. "డబ్బా మాత్రం బాగా దాచారు." చెయ్యి ఊపి ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళిపోయింది.

నాకు దక్కిన మొదటి ఆదివారం కొత్త పుస్తకం, ఒక పాత బిస్కెట్ల డబ్బా పట్టుకుని డిమ్నా వెళ్ళాను. మా ఆవిడ తన డబ్బా తనే తెచ్చుకుంటానని కూడా వచ్చింది. గుంటలోంచి తీసి, కర్పూరం మసి కొంగుతో తుడిచి, చెట్టు కింద కూర్చుని నారింజ వొలుచుకుంటోంది. నేను అయిదు రీడింగులు తీసి పాతవాటితో పోల్చాను. అక్షాంశంలో నిమిషపు వెయ్యోవంతులు మూడు, రేఖాంశంలో ఒకటి తేడా. నేల మీద అయిదు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. ఒకే రోజు ఒకే గంటలో ఇరవై తీస్తే ఆ గంటలో ఉన్న తప్పు ఇరవైసార్లు కూడుతుంది. సగటు కట్టినా పోదు. వేరువేరు రోజుల్లో తియ్యాలి. ఆ సంగతి నాకు తెలిసి ఉండవలసింది. బహుశా ఆ మొదటి పదకొండు పేజీల్లో ఉండి ఉంటుంది.

"ఏటి, అయిపోయిందా?" అంది మా ఆవిడ.

"అవనేదు. నాలుగు రోజులు, రోజుకి అయిదేసి తియ్యాలి. ఇవాల్టికి ఒకటి."

"ఇంకా మూడాదివారాలా?"

"నెలకి రెండు సొప్పున మొత్తం రెండు నెలలు."

ఆవిడ నారింజ తొన ఒకటి నా చేతిలో పెట్టింది. "గోడో?"

"మిగతా రెండాదివారాలూ గోడకి," అన్నాను. ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఈ నెలలో ఆదివారాలు అయిదని నేను కూడా అప్పుడే చూసుకున్నాను. అయిదోది ఎవరిదో ఇంకా తేలలేదు.